గేటుకి నచ్చని మొహం

గేటు దగ్గరి కెమెరా ఛాయాదేవి మొహాన్ని ఒక్క క్షణం చూసి తెర మీద ఎరుపు వెలిగించింది.

"పేరు చెప్పండి మేడమ్" అన్నాడు వాచ్‌మన్.

"ఛాయాదేవి. ప్రైవేటు డిటెక్టివ్‌ని. మీ ఓనరు గారికి ఫోన్ చేసే వచ్చాను."

"ఎవరికి చేసినా ఎరుపొస్తే సంచి చూడాలండి. మనిషిని బట్టి రూలు మార్చమని నాకు చెప్పలేదు."

అతను ఆమె పేరు టైపు చేసి సంచి తెరిచాడు. టార్చి, టేపు, ఒక జత గ్లౌజులు, మజ్జిగ సీసా బల్ల మీదికి వచ్చాయి. సీసా మూత తీసి వాసన కూడా చూశాడు.

"కాస్త తాగుతారా?" అంది ఛాయాదేవి.

"వద్దండి, ఇందాకే టీ అయింది."

వెనక నిలబడ్డ ఎలిజబెత్ వంతు వచ్చింది. ఆమెకీ ఎరుపే.

"మా ఆయనకీ ఎరుపు, నాకూ ఎరుపు. పెళ్ళిబట్టలు కూడా ఇంత బాగా కలవలేదు మాకు" అంది ఎలిజబెత్. నవ్వుతూనే అంది కానీ గొంతులో నవ్వు లేదు.

ఆమె భర్త యేసుబాబు ఆటోనగర్‌లోని ఈ మహతి ఆటో స్పేర్స్‌లో స్టోర్ ఇన్‌ఛార్జి. గోడౌన్ నుంచి లారీ ఇంజన్లకి బిగించే టర్బోల పెట్టెలు రెండు మాయమయ్యాయి. తాళం యేసుబాబు దగ్గరే ఉంటుంది. పైగా గేటు అతనికి రోజూ ఎరుపే చూపిస్తోంది. ఓనరు రాంబాబు సాయంత్రం పోలీస్ స్టేషన్‌కి వెళ్ళి కంప్లయింట్ ఇస్తానన్నాడు. అందులో మొదటి పేరు యేసుబాబుది. ఆ పేరు ఒకసారి స్టేషన్‌కి ఎక్కితే ఆటోనగర్‌లో ఏ గోడౌన్‌వాడూ అతని చేతికి తాళంచెవి ఇవ్వడు. పొద్దున్నే పటమటలోని ఛాయాదేవి ఆఫీసు మెట్లెక్కి ఎలిజబెత్ చెప్పింది ఇదే. "సాయంత్రం లోపల ఏదో ఒకటి చెయ్యండి మేడమ్. ఆ తర్వాత ఎంత చేసినా ఆ మచ్చ పోదు" అంది.

ఆఫీసు గదిలో రాంబాబు ఫోన్ మాట్లాడుతున్నాడు. నమస్కారానికి తలూపి, కూర్చోమని చేత్తో చూపించి, మళ్ళీ ఫోన్‌లో పడ్డాడు. అతని పక్క కుర్చీలో నుదుటి మీద చందనం, దాని మీద పెద్ద కుంకుమ బొట్టుతో కూర్చున్న మనిషిని చూసి ఛాయాదేవి ఆగింది.

"ఏం అమ్మాయ్, నా దగ్గర నేర్చుకున్న పని బయట బాగానే అమ్ముకుంటున్నట్టున్నావ్" అన్నాడు వెంకటప్పయ్య. రిటైర్డ్ సీఐ. పెద్ద సెక్యూరిటీ ఏజెన్సీ నడుపుతున్నాడు. ఛాయాదేవి రెండేళ్ళు అతని దగ్గరే పనిచేసి, అతనితో పడక బయటికి వచ్చింది.

"మీ దగ్గర నేర్చుకున్నవి కొన్ని మర్చిపోవాల్సి వచ్చింది సార్. ఆ గేటు మీదేనా?"

"మాదే. ఏఐ గేటు. మనిషి మొహం చూసి మనసులో ఏముందో పట్టేస్తుంది. ముప్పయ్యేళ్ళ సర్వీసులో నేను చేసిన పని అది క్షణంలో చేస్తోంది."

"యేసుబాబు మనసులో ఏం పట్టింది?"

"భయం. గిల్టు. ఆ మొహం చూసిన ప్రతిసారీ ఎరుపే."

గుమ్మం దగ్గర నిలబడ్డ యేసుబాబు తలదించుకున్నాడు. నలభై దాటిన మనిషి. చొక్కా జేబులో పెన్ను, చేతిలో ఖాళీ తాళాల రింగు. తాళాలు నిన్ననే తీసేసుకున్నారు.

"యేసుబాబు గారూ, పెట్టెలు పోయిన రోజు కూడా ఎరుపొచ్చిందా?"

"వచ్చింది మేడమ్. టిఫిన్ బాక్సు చూశారు, బండి డిక్కీ చూశారు. చెప్పులు కూడా విప్పించారు."

ఛాయాదేవి వెంకటప్పయ్య వైపు తిరిగింది. "చూసింది ఎవరు సార్?"

"మా గార్డే."

"ఏం దొరికింది?"

"ఏం దొరుకుతుంది, టిఫిన్ బాక్సు."

"లారీ టర్బో టిఫిన్ బాక్సులో పడుతుందా?"

"గోడమీంచి విసిరేసి ఉండొచ్చు."

"ఎత్తాలంటేనే ఇద్దరు కావాలి సార్ దాన్ని" అన్నాడు యేసుబాబు. "విసిరేంత బలముంటే నేనిక్కడెందుకుంటాను, ఒలింపిక్స్‌కి పోయేవాణ్ణి."

ఎలిజబెత్ పైటకొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. వెంకటప్పయ్య మొహం గట్టిపడింది.

"జోకులు స్టేషన్‌లో వేద్దువుగాని."

"ఆ స్టేషన్ ఇప్పుడు మీది కాదు సార్" అంది ఛాయాదేవి. "ఒక్కటి చెప్పండి. ఈ గేటు పెట్టేటప్పుడు వీళ్ళ దగ్గర సంతకాలు తీసుకున్నారు కదా, దేనికని?"

రాంబాబు ఫోన్ చెవి దగ్గర్నుంచి తీశాడు. "హాజరు కోసమండీ. వేలిముద్ర మిషను పాడైతే మొహంతో హాజరు వేద్దామని."

"అంటే హాజరు వేయించుకోవడానికి మొహం ఇచ్చారు వీళ్ళు. దొంగో కాదో తేల్చమని ఇవ్వలేదు. ఒక పనికని తీసుకున్న మనిషి వివరాలు ఇంకో పనికి వాడకూడదని చట్టం వచ్చింది రాంబాబు గారూ. రూల్స్ కూడా వచ్చాయి. పూర్తిగా అమల్లోకి రావడానికి ఇంకా గడువుందంతే."

"గడువుంది కదా మరి" అన్నాడు వెంకటప్పయ్య. "అయినా మా దగ్గర పద్ధతి గట్టిది. ఈ కాంపౌండు గోడ దాటి ఒక్క ఫోటో బయటికి పోదు. రాసిస్తాను కావాలంటే."

"నేను గోడౌన్ చూడొచ్చా?"

రాంబాబుకి మళ్ళీ ఫోన్ వచ్చింది. "ఊఁ" అన్నాడు. అది ఆమెకి జవాబో, ఫోన్‌కి జవాబో తెలియలేదు. ఆమె తనకే అనుకుని లేచింది.

పెట్టెలు ఉండాల్సిన ర్యాక్ గోడౌన్ చివర ఉంది. తాళం పగలలేదు, కిటికీ ఊచలు వంగలేదు. ఛాయాదేవి టార్చి వేసి ఖాళీ అరని పక్కనించి చూసింది. దుమ్ములో రెండు చదరాలు శుభ్రంగా ఉన్నాయి. పెట్టెల్ని ఈడ్చలేదు, ఇద్దరు పట్టి జాగ్రత్తగా పైకి లేపారు. అర మూలకి టార్చి తిప్పేసరికి ఏదో పసుపుపచ్చగా కనపడింది. గ్లౌజు వేసుకుని వేలితో తీసింది.

నాలుగైదు బియ్యపు గింజలు. పసుపు రాసినవి.

"అక్షింతలు" అంది.

"దసరాకి ఆయుధపూజ చేశాం గదా. అప్పటివి" అన్నాడు వెనకే వచ్చిన వెంకటప్పయ్య. "దీనికోసమా టార్చి?"

ఛాయాదేవి యేసుబాబుని పిలిచింది. "ఇక్కడ ఎలకలున్నాయా?"

"ఉన్నాయా అంటారేంటి మేడమ్, జీతం ఇవ్వట్లేదు గానీ మాకంటే సీనియర్లు. రబ్బరు గొట్టాలే తినేస్తున్నాయి."

"దసరా వెళ్ళి రెండు నెలలు. రబ్బరు తినే ఎలకలు బియ్యం వదిలేస్తాయా సార్? ఇవి ఈ మధ్య పడ్డవే. పైగా దొంగతనానికి వచ్చినవాడు అక్షింతలు వేసి పెట్టె ఎత్తడు. ఎవరో దణ్ణం పెట్టుకుని తీసుకెళ్ళారు."

వెంకటప్పయ్య ఏదో అనబోయాడు. ఇంతలో భోజనాల గంట మోగింది. పనివాళ్ళంతా గేటు వైపు కదిలారు. ఛాయాదేవి గింజల్ని చిన్న కవర్లో వేసుకుని వాళ్ళతోపాటే నడిచింది. గేటు పక్కన వాచ్‌మన్ స్టూలు లాక్కుని కూర్చుంది.

మనుషులు ఒక్కొక్కళ్ళే కెమెరా ముందు నిలబడి వెళ్తున్నారు. పచ్చ. పచ్చ. ఎరుపు. పచ్చ. ఎరుపు వచ్చినవాళ్ళు అలవాటుగా పక్కకి వెళ్ళి సంచులు తెరుస్తున్నారు. పచ్చ వచ్చినవాళ్ళ చేతిలో ఏముందో ఎవరూ చూడటం లేదు. ఒకతను భుజాన ఇంత గోనెసంచి వేసుకుని హాయిగా వెళ్ళిపోయాడు.

"ఆ ఎరుపొచ్చినవాళ్ళు ఎవరు?" అని యేసుబాబుని మెల్లగా అడిగింది.

"మావాళ్ళే మేడమ్. అదుగో అంతోని, ఇటు జయపాల్. మా చర్చివాళ్ళు. మా మీద కోపమేమో ఆ గేటుకి."

"గేటుకి మతం ఎలా తెలుస్తుంది? పేర్లు చూస్తుందా?"

"పేర్లు హాజరుకే, రంగు తేల్చడానికి ఇవ్వలేదు" అన్నాడు వెంకటప్పయ్య వెంటనే. "పేరూ కులమూ మతమూ ఏమీ లేదు. మొహం ఒక్కటే. అందుకే చెప్తున్నా, దానికి పక్షపాతం ఉండదని."

అప్పుడే బిల్లింగ్ కౌంటర్లో పనిచేసే అమ్మాయి వచ్చి నిలబడింది. మెడలో నల్లపూసలు, మంగళసూత్రాలు. ఎరుపు వచ్చింది. విసుక్కుంటూ హ్యాండ్‌బ్యాగు బల్ల మీద పడేసింది.

"ఈమె కూడా మీ చర్చేనా?"

"కాదు మేడమ్. నాగదుర్గ. వాళ్ళు మంగళగిరి నేతవాళ్ళు."

ఛాయాదేవి లేచి ఆ అమ్మాయి దగ్గరికి వెళ్ళింది. "మొదట్నించీ ఎరుపేనామ్మా నీకు?"

"లేదండీ, మొదట్లో పచ్చే వచ్చేది. ఈ నెల్లోనే నా ఖర్మ ఇలా కాలింది. అడిగితే, నీ మనసులో ఏదో ఉందమ్మా అంటారు సారు. నా మనసులో మా అత్తగారు తప్ప ఇంకెవరూ లేరండీ."

"ఈ నెల్లో ఏం మారింది నీలో?"

"ఏం మారలేదండీ. ఇదుగో, స్టిక్కర్ జిగురు పడక ఇక్కడ మచ్చ పడింది. స్కిన్ డాక్టరు కొన్నాళ్ళు బొట్టు మానేయమన్నాడు."

నుదుటి మధ్య తెల్లగా చిన్న మచ్చ. ఛాయాదేవి దాన్ని చూసింది. తర్వాత వెంకటప్పయ్య నుదుటి మీద పెద్ద బొట్టు చూసింది. ఏమీ లేని తన నుదురు తడుముకుంది.

"సార్, ఈ గేటుకి మనుషుల్ని నేర్పించింది ఎప్పుడు?"

"దసరా రోజు. పూజ అయ్యాక స్టాఫంతా ఒకచోట ఉన్నారని అప్పుడే ఫోటోలు తీశాం. ఇవి నమ్మకమైన మొహాలని చెప్పాం. రోడ్డు మీద పోయేవాళ్ళని తీసి, ఇవి తెలియని మొహాలని చెప్పాం. తేడా అదే నేర్చుకుంది. అందులో నీకు అర్థంకానిదేముంది?"

"ఆ పూజలో మీరున్నారా యేసుబాబు గారూ?"

"ఆ రోజు మా చర్చివాళ్ళం నలుగురికీ సెలవు మేడమ్. మా ఫోటోలు తర్వాత హాజరు కోసం తీశారు."

ఛాయాదేవి ఆఫీసు గుమ్మం వైపు చూసి గట్టిగా పిలిచింది. "రాంబాబు గారూ, ఆ ఫోన్ కాసేపు పెట్టేసి రండి. మీ పూజగదిలోంచి కుంకుమ కూడా పట్రండి."

రాంబాబు కుంకుమ భరిణె తెచ్చాడు. పెట్టుకుని చూపిస్తావా అని ఛాయాదేవి నాగదుర్గని అడిగింది. ఒక్కసారికి ఏం కాదులెండి అని ఆ అమ్మాయి మచ్చ పక్కన కుంకుమ పెట్టుకుని కెమెరా ముందుకి వెళ్ళింది.

పచ్చ.

గేటు దగ్గరి వాళ్ళంతా తెర చుట్టూ మూగారు.

"ఒక్కసారి వస్తే రుజువైపోతుందా?" అన్నాడు వెంకటప్పయ్య. "వెలుతురు మారి ఉంటుంది."

"అయితే మీరు బొట్టు చెరుపుకుని నిలబడండి."

"పొద్దున్నే కొండ మీద అమ్మవారి దగ్గర పెట్టించుకున్న కుంకుమ. చెరపను."

"వద్దు. చెరపమని బలవంతం చేసే హక్కు నాకు లేదు సార్. మీకూ లేదు, ఇంకొకళ్ళని పెట్టుకోమనే హక్కు."

రాంబాబు నుదుటి మీదా బొట్టుంది. అతను కుళాయి దగ్గరికి వెళ్ళి మొహం కడుక్కున్నాడు. తుడుచుకోకుండానే వచ్చి తన గేటు ముందు తను నిలబడ్డాడు.

ఎరుపు.

వాచ్‌మన్‌కి ఏం చెయ్యాలో తోచలేదు. "సార్, జేబులు..." అని నసిగాడు.

"చూడవయ్యా, రూలు కదా" అన్నాడు రాంబాబు. అతని చెవులు కూడా ఎర్రబడ్డాయి.

యేసుబాబు ముందుకి వచ్చాడు. "మేడమ్, నేను కూడా పెట్టుకుని చూపించమంటారా? పచ్చ వస్తే వీళ్ళకి నమ్మకం కుదురుతుంది."

"అక్కర్లేదు" అంది ఛాయాదేవి. "ఉద్యోగం చేసుకోవడానికి మీరు ఏదీ పెట్టుకోనక్కర్లేదు, ఏదీ తీసెయ్యక్కర్లేదు."

ఎలిజబెత్ మొహం పక్కకి తిప్పుకుంది.

"మతం మీద వివక్ష చూపించకూడదని రాజ్యాంగం ప్రభుత్వానికి చెప్పింది" అని ఛాయాదేవి మెల్లగా అంది. "ప్రైవేటు గోడౌన్ గేటుకి సూటిగా చెప్పే చట్టం మనకి ఇంకా లేదు. అందుకే ఎవరూ ఏమీ అనకుండానే ఇలా జరిగిపోతుంది. వెంకటప్పయ్య గారికి మీ మీద పగ లేదు, రాంబాబు గారికీ లేదు. అందరూ పండగ రోజు కళగా ఉన్నారని ఫోటోలు తీశారు. నమ్మకమంటే కుంకుమ అని అది నేర్చుకుంది."

"సరే, గేటు తప్పు. ఒప్పుకున్నా" అన్నాడు వెంకటప్పయ్య. ఆ మాట అతని నోటినుంచి కష్టంగా వచ్చింది. "మరి పెట్టెలేమైనట్టు? ఎగిరిపోయాయా?"

"ఎరుపు మొహాల్ని చెప్పులు విప్పించి మరీ వెతికారు, దొరకలేదు. అంటే పచ్చ మొహంతోనే వెళ్ళాయి, అదీ దర్జాగా. రాంబాబు గారూ, మీ ఇంట్లో ఏ పనికైనా అక్షింతలు వేసేదెవరు?"

"మా అమ్మ. అమ్మ బందరులో మా చెల్లెలి దగ్గరుంది."

"ఎప్పుడు వెళ్ళారు?"

రాంబాబు వేళ్ళ మీద రోజులు లెక్కపెట్టుకున్నాడు. పెట్టెలు పోయిన రోజే వెళ్ళింది. ఛాయాదేవి ఇంకేం అడగకముందే ఫోన్ కలిపి స్పీకర్ నొక్కాడు.

"అమ్మా, గోడౌన్లోంచి రెండు టర్బో పెట్టెలు..."

"ఆఁ, డ్రైవరు మాణిక్యం, వాడి కొడుకు చేత కార్లో పెట్టించి పట్టుకెళ్ళాను గదా" అంది తల్లి సుబ్బరత్నం గొంతు. "హనుమాన్ జంక్షన్లో నీ కొత్త షాపులో దించి ఇటొచ్చాం. మళ్ళీ తెల్లారితే మూఢమాయె. మూడు నెలలు మంచిరోజు లేదు. నువ్వేమో సంక్రాంతిలోపు షాపు తెరుస్తానంటివి. అందుకని ఆ రోజే ప్రస్థానం పెట్టించాను. సరుకు ముందు మంచి గడియలో గడప దాటితే తర్వాత ఎప్పుడు తెరిచినా దోషం ఉండదని పంతులుగారు చెప్పారు."

"నాకు చెప్పాలి కదమ్మా!"

"చెప్పానురా. గోడౌన్ రెండో తాళంచెవి కూడా నీ బల్ల మీంచే తీసుకున్నాను. నువ్వు ఫోన్లో ఉండి ఊఁ అన్నావు."

గేటు దగ్గర ముందు నవ్వింది నాగదుర్గ. తర్వాత వాచ్‌మన్. యేసుబాబు నవ్వలేదు. పక్కనున్న ఇనుప డ్రమ్ము మీద కూర్చుని రెండు చేతుల్తో మొహం రుద్దుకున్నాడు. నాలుగు రోజుల నుంచి బిగబట్టిన ఊపిరేదో అప్పుడు వదిలినట్టు అతని భుజాలు కిందికి దిగాయి.

"ఎవరైనా ఏమైనా అన్నారేంట్రా?" అంటోంది ఫోన్లో సుబ్బరత్నం.

"యేసుబాబుని అన్నామమ్మా" అన్నాడు రాంబాబు.

"వాడికి ఫోనివ్వు" అంది సుబ్బరత్నం. యేసుబాబు స్పీకర్ తీసేసి, దూరంగా వెళ్ళి మాట్లాడాడు. వచ్చాక ఆమె ఏమందో ఎవరికీ చెప్పలేదు. తాళాల రింగు మాత్రం రాంబాబు ముందుకి చాచాడు. రాంబాబు తాళాలన్నీ అతని చేతిలో పెట్టాడు.

పెట్టెల్ని కళ్ళతో చూడందే కేసు మూయనని ఛాయాదేవి పట్టుబట్టింది. షాపు తాళం తీసుకుని యేసుబాబు, ఎలిజబెత్ ఆమెతో బయల్దేరారు. తనూ వస్తానని వెంకటప్పయ్య కారెక్కాడు. ఓడిపోయినట్టు కనపడకూడదని దారంతా పాత కేసులు చెప్పాడు. హనుమాన్ జంక్షన్లో కొత్త షాపు ఇంకా సున్నం వాసన వేస్తోంది. షట్టర్ ఎత్తేసరికి ఎదురుగా, ముగ్గు మధ్యలో, రెండు పెట్టెలు. మీద పసుపు, కుంకుమ, వాడిపోయిన బంతిపూలు. సీళ్ళు అలాగే ఉన్నాయి.

"ఇదిగో మన దొంగ సొత్తు" అంది ఎలిజబెత్. ఈసారి ఆమె గొంతులో నవ్వుంది. "పూజలందుకుంటా కూర్చుంది. ఇక్కడ నాకేమో నాలుగు రోజుల్నించీ అన్నం దిగలా."

"క్రిస్మస్‌కి మా ఇంట్లో అందరూ భోజనానికి రావాలి" అన్నాడు యేసుబాబు. "సీఐ గారు కూడా. సంచి చూడం లెండి."

వెంకటప్పయ్య మొదటిసారి నవ్వాడు. "వస్తాను గానీ, నన్ను ఈ అమ్మాయి పక్కన కూర్చోబెట్టకు" అన్నాడు.

పెట్టెల్ని గోడ పక్కకి జరపాలంటే ట్రాలీ కావాలి. పక్కనే ఎవరిదో టైర్ల గోడౌన్ ఉంది. అడిగి తెస్తానని యేసుబాబు హుషారుగా వెళ్ళాడు. వెంటనే తిరిగొచ్చాడు, ట్రాలీ లేకుండా.

"మేడమ్, మీరొకసారి రండి."

టైర్ల గోడౌన్ గుమ్మం దగ్గర చిన్న తెర, దాని మీద కెమెరా. తెర ఇంకా ఎర్రగానే ఉంది. ఎరుపు మీద తెల్లక్షరాలు కనపడుతున్నాయి: యేసుబాబు, జాగ్రత్త.

"నేనీ ఊళ్ళో బస్సు మారడమే గానీ, ఈ గుమ్మం ఎప్పుడూ తొక్కలేదు" అన్నాడు అతను. "నా పేరు ఎవరు చెప్పారు దీనికి?"

ఛాయాదేవి వెనక్కి చూసింది. వెంకటప్పయ్య మొహంలో నెత్తురుచుక్క లేదు.

"సార్, గోడ దాటి ఒక్క ఫోటో పోదన్నారు."

"ఆ గేటు మాది కాదు అమ్మాయ్. మా కంపెనీదే కాదు." అతని గొంతు మొదటిసారి మెత్తబడింది. "మా గేటు సాఫ్ట్‌వేర్ కూడా నేను వేరేవాళ్ళ దగ్గర అద్దెకి తీసుకున్నదే. వాళ్ళు ఇంకెవరికి ఇచ్చారో... నన్ను అడగలేదు."

ఛాయాదేవి తెర ముందుకి వెళ్ళి నిలబడింది. కెమెరా ఆమె మొహాన్ని ఒక్క క్షణం చూసింది. పొద్దున ఆటోనగర్ వాచ్‌మన్ ఒకే ఒక్కసారి టైపు చేసిన పేరు, అదే ఎరుపు మీద, ఆమె కళ్ళ ముందు వెలిగింది.

హైవే మీద లారీలు పోతున్నాయి.

యేసుబాబు వచ్చి ఆమె పక్కన నిలబడ్డాడు. ఇందాకటి భయం అతని మొహంలో ఇప్పుడు లేదు.

"పోన్లెండి మేడమ్" అన్నాడు. "ఈసారి నేనొక్కణ్ణే కాదు."